ఉద్దెర పుస్తకమే ఒప్పంద పత్రం

ఆకలి, పేదరికం మీద ప్రభుత్వం, కంపెనీలు చేయీ చేయీ కలిపి పోరాడతాయని వినగానే మా కల్వకుర్తి వైపు జనానికి కొండంత ధైర్యం వచ్చింది. ఆకలి మా దగ్గర ముందు నుంచే సిద్ధంగా ఉంది, తక్కువైందల్లా భాగస్వాములే.

చట్టం కూడా పక్కాగా ఉంది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కిందికి వచ్చే కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి, దేని మీద పెట్టొచ్చో చెప్పే ఏడో షెడ్యూలులో మొదటి పద్దే ఆకలి, పేదరికం, పౌష్టికాహార లోపం. రాసినాయన పరగడుపున రాసి ఉంటాడు.

మా బడికీ ఒక కంపెనీ వచ్చింది. పదింటికి అన్నారు, ఒంటిగంటన్నరకు దిగారు. అప్పటిదాకా పిల్లలకు బువ్వ పెట్టలేదు, ఆకలితో ఉంటేనే కదా కార్యక్రమానికి అర్థం. మా చేలల్లోనే పండి, మార్కెట్ యార్డులో అగ్గువకు అమ్ముడుపోయి, పట్నం తిరిగి తళతళలాడే కవర్లో వాపస్ వచ్చిన పల్లీపట్టీలు పంచారు. ఫోటో సరిగ్గా రాలేదని మళ్లీ గుంజుకుని మళ్లీ ఇచ్చారు. ఆ లెక్కన పిల్లకు రెండేసి పంచినట్టే, రిపోర్టులో అలాగే రాసుకుని ఉంటారు.

అసలు భాగస్వామ్యం మాత్రం మా ఊళ్లో ఎప్పటి నుంచో నడుస్తోంది, ఎవరూ సంతకాలు పెట్టలేదు గనుక ఎవరికీ కనిపించలేదు. మధ్యాహ్న భోజనానికి బియ్యం సర్కారు ఇస్తుంది. పప్పు, నూనె, కూరగాయలు, గుడ్లు వంట చేసే అక్క ముందు కొనాలి, బిల్లు తర్వాత వస్తుంది. ఆ 'తర్వాత' నెలల తరబడి సాగుతుంది. అందాకా "బిల్లు పడంగనే ఇస్తా సేటూ" అనే ఒక్క మాట మీద కిరాణా కొట్టాయన ఎర్రట్ట పుస్తకంలో రాసుకుంటూ బడినంతా మేపుతున్నాడు. వడ్డీ వేయడు, కాకపోతే నూనె ప్యాకెట్ మీద రెండు రూపాయలు ఎక్కువేస్తాడు. కంపెనీలకైతే సామాజిక ఖర్చులో నిర్వహణ కింద 5 శాతం దాటకూడదని నిబంధన ఉంది, సేటు ఆ నిబంధన చదవకుండానే పాటిస్తున్నాడు.

కాబట్టి నా డిమాండ్ ఒక్కటే, వచ్చేసారి శాలువా సేటుకు కప్పాలి. మైకు కూడా ఇవ్వొచ్చు, కానీ పిల్లల ముందు బాకీ లెక్క చదువుతాడేమోనని హెడ్మాస్టర్ సారుకు టెన్షన్.

ఇంతకూ ఆ కార్యక్రమం ఉత్తగ పోలేదు. కంపెనీ పెద్దమనిషి నవ్వుతున్న ఇరవై అడుగుల ఫ్లెక్సీని అక్క విప్పి, వాన కారే వంటషెడ్డు మీద కట్టుకుంది. ఇప్పుడు రోజూ పొయ్యి పొగ ఆయన పళ్లకే తగులుతోంది. మొన్న సేటు దాన్ని చాలాసేపు చూసి, "ఇంకో మీటింగ్ ఎప్పుడక్కా? నా దుకాణం ముందటి పట్టా కూడా చినిగింది" అన్నాడు.