చతికిలబడ్డ వెనక సస్పెన్షన్ గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ స్నోమొబైల్ వెనక సస్పెన్షన్ గారి దివ్య సముఖమునకు,

మంచు మీద పరిగెత్తే మీ బండికి యజమానినీ, గతుకుల్లో మీరు మోయాల్సినవాణ్ణీ అయిన నేను నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ నేను క్షేమం, నడుము తప్ప. అక్కడ మీరు క్షేమమేనని తలుస్తాను అని రాయడానికి చెయ్యి రావట్లేదు. మీరెక్కడున్నారో కళ్ళెదురుగానే కనబడుతోంది: ఉండాల్సిన చోటికి మూడంగుళాలు కింద. ఈ మీరూ గారూ ఉత్తరం మర్యాద కోసం. ఇక్కణ్ణుంచి నువ్వులోకి దిగిపోతాను. దిగడం నీకు కొత్త కాదు కదా.

నీ సంగతి మొదట బయటపెట్టింది హెడ్‌లైటు. చీకటి పడ్డాక దారి మీద పడాల్సిన వెలుగు చెట్ల చిటారుకొమ్మల్లో తిరుగుతోంది. గుడ్లగూబలకు నిద్రాభంగం అనుకుందామంటే, అవి ఎలాగూ రాత్రి పడుకోవు. నాకు మాత్రం ముందున్న గొయ్యి కనబడటం లేదు. లైటు బిగింపు జారిందేమోనని స్క్రూ తిప్పి దాన్ని కిందికి వంచాను. ఈ స్క్రూ సంగతి గుర్తుపెట్టుకో, మళ్ళీ వస్తుంది.

తర్వాత హ్యాండిల్. ఒక్క వేలితో తిప్పేయొచ్చు, అంత తేలికైపోయింది. కానీ హ్యాండిల్ తిరుగుతుంది, బండి తిరగదు. మలుపు దగ్గర కుడికి తిప్పితే, బండి కాసేపు ఆలోచించి, తిన్నగా వెళ్ళి మెత్తటి మంచులో మూతి పెట్టింది. వెనక నువ్వు కూలబడితే, ముందు చక్రాల బదులు ఉండే జారుడు పలకల, అంటే స్కీల, మీద బరువు పోతుందనీ, అవి మంచును పట్టకుండా పైపైన జారుతాయనీ నాకు తట్టలేదు. స్కీల కింద మంచును పట్టే కార్బైడ్ కడ్డీలు అరిగిపోయాయని తీర్మానించి కొత్తవి వేశాను. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం అంటే ఇదే కాబోలు. ఇక గతుకుల సంగతి చెప్పనక్కర్లేదు. ప్రతి గతుకుకీ నువ్వు అడుగంటినప్పుడు 'ధన్'మని వచ్చే చప్పుడు నా వెన్నెముకలో ఒక్కో పూసనీ పేరుపెట్టి పిలిచినట్టుండేది.

నీది గొప్ప వంశమే, కాదనను. విస్కాన్సిన్‌లో కార్ల్ ఇలియాసన్ 1924లో పొడవాటి చెక్క స్లెడ్జికి పడవ మోటారు తగిలించి మంచు మీద పరిగెత్తించాడు. క్యుబెక్‌లోని వాల్కూర్‌లో జోసెఫ్-ఆర్మాండ్ బొంబార్డియర్ 1937లో పళ్ళ చక్రంతో తిరిగే ట్రాక్‌కు, అంటే బండిని మంచు మీద తోసే వెడల్పాటి పట్టీకి, పేటెంటు తెచ్చుకున్నాడు, 1959లో చిన్న బండిని అమ్మకానికి పెట్టాడు. ఆ రోజుల్లో మీవాళ్ళంటే బొగీలు, అంటే చిన్న చక్రాల గుంపులు. ఆ తర్వాతే పొడుగాటి కమ్మీల మీద ట్రాక్ జారే నీలాంటి దొరబిడ్డలు పుట్టారు. ఆ 1959 నాటి బండికి మొదట 'స్కీ-డాగ్' అని పేరనుకున్నారనీ, అచ్చులో అక్షరం తారుమారై 'స్కీ-డూ' అయిందనీ ఒక కథ చెబుతారు. స్లెడ్జి లాగే కుక్కల బదులు వచ్చిన బండి కదా, అందుకని. ఆ కంపెనీకీ నీకూ చుట్టరికం లేదు. అయినా కుక్క గుణాల్లో లాగడం, విశ్వాసం వదిలేసి, వెనక కాళ్ళ మీద చతికిలబడటం ఒక్కటే ఎలా పట్టుకున్నావో నాకర్థం కాదు.

ఇప్పుడు నా పాపం చెప్పుకుంటాను. నువ్వు కూలబడ్డావని తెలిసిన మరుక్షణం నేను చేసిన పని కొత్త షాక్ అబ్జార్బర్లు తేవడం. చూడ్డానికి అవే కదా ఘనంగా ఉంటాయి, మెరుస్తూ, బలిసిన పిక్కల్లాగా. పాత షాక్ కడ్డీని వేలితో తుడిచి చూసినా సరిపోయేది. సీలు పోతే అక్కడ నూనె తడి ఉంటుంది, నీకు పొడిగానే ఉంది. చూడలేదు. కొత్తవి బిగించి, గర్వంగా సీటు మీద కూర్చున్నాను. నువ్వు మళ్ళీ అంతే దిగావు. తేడా ఒక్కటే. ఇంతకు ముందు ధబీమని కూలబడేదానివి, ఇప్పుడు మర్యాదగా, నిదానంగా, పెళ్ళిలో పెద్దముత్తైదువలా కూలబడ్డావు.

షాక్ పని బరువు మొయ్యడం కాదు. లోపలి నూనెను సన్నటి దారుల్లోంచి తోసి, స్ప్రింగు ఊపును అణచడం. మోసేది స్ప్రింగే. గాలితో మోసే షాకులు వేరే ఉన్నాయిగానీ నీకు ఆ భోగం లేదు. నీకున్నవి అటొకటి ఇటొకటి రెండు టార్షన్ స్ప్రింగులు. ఆరేసిన బట్టలకు పెట్టే క్లిప్పులో చుట్ట ఉంటుందే, అదే జాతి, కాకపోతే తీగ వేలి లావు. చుట్ట ఇరుసు మీద, ఒక కాలు పైన ఆని, పొడుగు కాలు ఆ కమ్మీ మీది దిమ్మ మీద మోపి, నన్నూ నా సీటునూ ఎత్తిపట్టుకోవాల్సింది ఆ రెండే.

ఈ జ్ఞానం నాకు పెట్టింది మా బావమరిది. వాడు చేసిన మొదటి పని పానా తీయడం కాదు, టేపు తీయడం. ఇద్దరం వెనక బంపరు పట్టుకుని, నువ్వు పూర్తిగా సాగేదాకా ఎత్తాం. నేల నుంచి బంపరు దాకా 24 అంగుళాలు. మెల్లగా వదిలితే నీ అంతట నువ్వే ఇరవైన్నరకు వచ్చావు.

"ఎక్కు బావా."

ఎక్కాను.

"అలా కాదు. హెల్మెట్టు, కోటు, బూట్లు, పనిముట్ల సంచి, వెనక కట్టే పెట్రోలు డబ్బా, అన్నీ. రోజూ ఎలా వెళ్తావో అలా."

అన్నీ తగిలించుకుని ఎక్కాను. వాడు టేపు పెట్టి, కాసేపు చూసి, "ఊపిరి బిగబట్టకు బావా, దాంతో బరువు తగ్గదు" అన్నాడు. పదిహేడు అంగుళాలు. అంటే కూర్చున్నాక దిగుడు ఏడు. నీ మాన్యువల్‌లో రాసింది మూడు నుంచి నాలుగు. ఆ పుస్తకం కొన్న రోజు నుంచీ సీటు కింద ప్లాస్టిక్ సంచిలో, అంటిన పేజీలు విడకుండా భద్రంగా ఉంది. అందులో బండి నడిపేవాడి బరువు కూడా ఒక గళ్ళపట్టీలో ఉంది. నా బరువు ఆ పట్టీలో లేదు. పట్టీ కింద, తెల్ల కాగితం మీద ఎక్కడో ఉంటుంది.

సరే, దిమ్మ తిప్పి చూద్దామన్నాం. పొడుగు కాలు ఆనే దిమ్మకు మెట్లు ఉంటాయి కదా, తిప్పితే కాలు ఇంకా వంగి స్ప్రింగు బిగుస్తుంది. రెండు వైపులా ఒకే మెట్టు మీద, చిట్టచివరి దాకా తిప్పాం. ఖాళీగా దిగుడు మూడున్నర నుంచి ఒకటిన్నరకు వచ్చింది. నేనెక్కితే ఏడు కాస్తా అయిదు అయింది. నేను ఎగిరి గంతేశాను. వాడు మాత్రం నేల మీద సుద్దముక్కతో ఏదో రాసుకుంటున్నాడు.

"ముందు నీ వల్ల దిగింది ఎంత? ఏడులోంచి మూడున్నర పోతే మూడున్నర. ఇప్పుడు? అయిదులోంచి ఒకటిన్నర పోతే మూడున్నర. దిమ్మ తిప్పితే బండి పైకి లేచింది, స్ప్రింగు గట్టిపడలేదు. నువ్వు నువ్వే, అది అదే."

ఈ ఒక్క ముక్క అర్థమైతే సగం మంది దిమ్మలు విరగ్గొట్టుకోరు. ఇంకా బిగిస్తే ఏమవుతుంది? ఖాళీ దిగుడు సున్నాకు వస్తుంది. బండి పైకి పూర్తిగా సాగిపోయి నిలబడుతుంది, గుంట వచ్చినప్పుడు ట్రాక్ కిందికి జారి నేలను అందుకోవడానికి జాగా మిగలదు. పైన తన్నుకుంటుంది, కింద అడుగంటుతుంది. నీ పరిస్థితి ముందు నుయ్యి, వెనక గొయ్యి అన్నమాట.

కాబట్టి నిన్ను విప్పాం. స్ప్రింగు కాలును దిమ్మ మీంచి తప్పించేటప్పుడు పక్కకు నిలబడాలని వాడు మూడుసార్లు చెప్పాడు, కళ్ళద్దాలు పెట్టించాడు, తాడు కట్టి లాగించాడు. అది జారినప్పుడు 'ఠాప్'మన్న చప్పుడుకు మా ఇద్దరికీ కాసేపు మాటల్లేవు. ట్రాక్ బిగింపు వదులు చేసి, బండిని పక్కకు ఒరిగించి, బండి చట్రానికి నిన్ను పట్టి ఉంచిన నాలుగు బోల్టులూ తీశాక నువ్వు బయటికొచ్చావు. వచ్చావా, నీ అసలు రూపం అప్పుడు చూశాను. నిన్ను చట్రానికి కలిపే వెనక చేతి ఇరుసు తన గొట్టంలో తుప్పుతో గడ్డకట్టి ఉంది. గ్రీజు ఎక్కించే నిపుల్‌కు గన్ను పెట్టి నొక్కితే ఏమీ కదల్లేదు. ఇంకా నొక్కితే ముందు టీనీళ్ళ రంగు నీళ్ళు కారాయి, తర్వాత ఎర్రటి తుప్పు పేస్టు, దాని వెనక తారులాంటి నల్లటిది, చాలాసేపటికి గానీ కొత్త గ్రీజు మొహం చూపించలేదు. ఈ నిపుల్ ఇక్కడుందని తెలుసా అన్నట్టు మా బావమరిది నా వంక చూశాడు. నేను ట్రాక్ వంక చూశాను.

పాత స్ప్రింగును కొత్త దాని పక్కన బల్ల మీద పెట్టాం. పాతదాని కాలు అలిసిపోయి, కొత్తదానంత విచ్చుకోకుండా ముడుచుకుపోయింది. ఏళ్ళ తరబడి నన్ను మోసిన ఉక్కు దాని గట్టితనం పెద్దగా పోగొట్టుకోలేదు, విశ్రాంతిగా నిలబడే చోటునే మార్చేసుకుంది. అలాంటి కొలతదే కొత్తది వేసినా పైకి లేస్తుందిగానీ, నా వల్ల దిగే మూడున్నర అలాగే ఉంటుంది. అందుకని తీగ లావు మార్చాం: పాతది 11 మిల్లీమీటర్లు, కొత్తది 12. ఒక్క మిల్లీమీటరేనా అని నేను పెదవి విరిచాను. టార్షన్ స్ప్రింగు గట్టితనం తీగ లావుకు నాలుగో ఘాతంలో పెరుగుతుందట. చుట్టలు, వాటి వెడల్పు అవే ఉంటే ఈ ఒక్క మిల్లీమీటరుకు నలభై శాతం పైచిలుకు. నా పొట్ట కూడా ఏదో ఘాతంలోనే పెరిగి ఉండాలి.

తిరిగి బిగించడం గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఆ మధ్యాహ్నం వాడిన మాటలు రాయదగినవి కావు. నువ్వు బయటికి రావడానికి పది నిమిషాలు, లోపలికి వెళ్ళడానికి మూడు గంటలు. ట్రాక్‌లోకి దూర్చితే ముందు వైపు బోల్టు కుదురుతుంది, వెనకది తప్పుతుంది. వెనకది పెడితే ముందుది నవ్వుతుంది. పైగా నేను ఎడమ స్ప్రింగు కుడికి, కుడిది ఎడమకు వేశాను. అవి అద్దంలో బొమ్మల్లాంటివి, ఒకదాని చోట ఇంకోటి పనిచెయ్యదు. మళ్ళీ విప్పాం. చివర్లో ట్రాక్ మధ్యలో మాన్యువల్ చెప్పిన బరువు వేలాడదీసి, ఎంత వేలాడిందో కొలిచి బిగింపు సరిచేశాం. నీ ఎత్తు మారితే ట్రాక్ బిగింపూ మారుతుందని ఈసారి పుస్తకం చదివే తెలుసుకున్నాను.

టేపు మళ్ళీ బయటికొచ్చింది. ఖాళీ దిగుడు ఒకటింపావు. హెల్మెట్టు, సంచి, డబ్బా, నేను, అన్నీ ఎక్కితే మూడుముప్పావు. ఊపిరి బిగబట్టలేదు. హ్యాండిల్ ఇప్పుడు బరువుగా ఉంది, తిప్పితే బండి కూడా తిరుగుతోంది. ఈ రెండూ ఒకేసారి జరగడం నాకు ఈమధ్య అలవాటు తప్పింది, మొదటి మలుపులో అవసరానికి మించి తిప్పి ఇంకో వైపు మంచులో మూతి పెట్టాను. దానికి నిన్ననను.

ఇట్లు,
నీ మీద కూర్చునేవాడు

తాజా కలం: నిన్న రాత్రి హెడ్‌లైటు వేస్తే వెలుగు స్కీల ముక్కుల మీద పడి అక్కడే ఆగిపోయింది. లైటు పాడైందేమో, కొత్తది తెద్దాం అంటున్నాడు మా బావమరిది. ఆ స్క్రూ తిప్పింది నేనేనని వాడికింకా చెప్పలేదు.