విమానాల ఫ్యాక్టరీ నంబరుకు, హన్మకొండ నుంచి

విమానం డిజైనుకు ఫ్యాక్టరీ తన లెక్కల పెట్టుకునే పేరైన మహారాజశ్రీ ఫ్యాక్టరీ ప్రాజెక్టు నంబరు గారి సముఖమునకు, మీ పాత బాధితుడు రాసుకునేది ఏమనగా...

ఇక్కడ అందరం క్షేమం. నిజాం జమానాల కట్టిన మామునూరు ఎయిర్‌పోర్టు 1981ల మూతపడ్డది. మళ్ళ విమానం ఎప్పుడు దిగుతదని చాయ్ హోటళ్ళ ఒకటే పంచాయితి. నేను మాత్రం నూరేండ్ల కింద జర్మనీల, ఇంగ్లండ్ల ఎగిరినవాటి పేర్ల కోసం కొట్లాడుతున్న. "ఎప్పుడో తుక్కయిన ఇమానం పేరు తెలిస్తే ఏమొస్తదయ్యా?" అంటది మా ఇంటామె. జవాబు మీరే చెప్పాలె.

అసలు మీ కొలువేంది? ఏది ఏ విమానమో గుర్తుపట్టించుడు. మీరు చేసేది? జర్మనీల యుంకర్స్ కంపెనీ 1915ల ఉక్కు రేకులతో ఒక విమానం ఎగిరించింది. "రేకు గాడిద" అని దానికి ముద్దుపేరు, ఫ్యాక్టరీ లెక్కల జె 1. తర్వాత కవచం తొడిగిన ఇంకోటి చేసి జె 4 అన్నరు. అది సైన్యంల చేరంగనే జె, చుక్క, రోమన్ ఒకటి అయి కూసున్నది! రెండింటికీ తేడా ఒక చుక్క, ఒక నిలువు గీత. జిరాక్స్‌కు జిరాక్స్ తీసిన డ్రాయింగు మీద భూతద్దం పెట్టి చూస్తే ఆ చుక్క అచ్చులదా, ఈగ పెట్టిందా తెల్వలే. గోటితో గీకిన, పోలే. జిరాక్స్ అయిన ఈగ రెట్ట గూడ గోటికి పోదని తర్వాత యాదికొచ్చింది.

ఫోకర్ కంపెనీ యుద్ధవిమానం వి 26 సంగతి సరే. సైన్యంల ఇ 5 అయి, 1918 ఆగస్టుల రెక్కలు విరిగి పరువు తీసుకుని, రెక్కలు బాగు చేయించుకుని డి 8 అని కొత్త పేరుతో దిగింది. పేరు మార్చుకునే పెద్దమనుషులను మేమూ చూసినం.

మీ అసలు ఘనకార్యం ఇంగ్లండ్ల ఫార్న్‌బరో ఊరిది. 1911ల అక్కడి సైన్యం పాత బెలూన్ ఫ్యాక్టరీకి కొత్త విమానం కట్టే అధికారం లేదు, రిపేరు చేస్తే చాలన్నరు. సరే అని, వెస్ట్‌మినిస్టర్ డ్యూకు ఇచ్చిన వాజా అనే ఫ్రెంచి కంపెనీ విమానాన్ని షెడ్డులకు తీసుకపోయిన్రు. ప్రొపెల్లర్‌తో వెనకనుంచి నెట్టేది లోపలికి పోయింది, ముందునుంచి లాగేది బయటికొచ్చింది! పాతది మిగిలిందంటే ఇంజనూ రేడియేటరే. పేరు బి.ఇ.1. కాగితం మీద మాత్రం రిపేరే. మరమ్మతు పద్దుల కొత్త బిల్డింగు లేపుడు మన దగ్గరే పుట్టిందనుకుని ఇన్నేండ్లు గర్వపడ్డ.

ఇంకా వినున్రి. బి అంటే బ్లేరియో అనే ఫ్రెంచి విమానాలాయన, ఇ అంటే ఎక్స్‌పెరిమెంటల్, ఎందుకంటే ముందునుంచి లాగే విమానాలన్నీ వాళ్ళ లెక్కల బ్లేరియో బాపతే. అంతకు ముందే అసలైన బ్లేరియో ఒకటి రిపేరుకొస్తే, తోకను ముందుకు తెచ్చి, ఒక వరుస రెక్కల మోనోప్లేన్‌ను రెండు వరుసల బైప్లేన్ చేసి, ఎస్.ఇ.1 అన్నరు. ఎస్ అంటే సాంతోస్ డ్యుమాంట్, తోక ముందుండే విమానం ఎగిరించినాయన. అంటే వాజాను బాగు చేస్తే బ్లేరియో అయింది, బ్లేరియోను బాగు చేస్తే సాంతోస్ అయింది. కొన్నాళ్ళకు ఎస్ అంటే స్కౌట్ అన్నరు. ఇంత నిండుగ అబద్ధమాడే గుమస్తా మా జిల్లాల గూడ దొరకడు.

తిడదామని కూసున్న గని, నిజం చెప్పాలంటే మీ అబద్ధం పట్టుకున్న రాత్రి నిద్ర పట్టలే. ఇంటామెకు జవాబు అదే, చెప్పే ధైర్యం లేదు.

మొన్న పాత విమానాల పుస్తకాలు ఇంకో కట్ట తెప్పించిన. ఇంటి లెక్కల పుస్తకంల "బీరువా మరమ్మతు" అని రాసిన. అడిగితే చూపిస్త. బీరువా పాతదే, తాళం గూడ పాతదే.

ఇట్లు,
మీ విధేయ బాధితుడు