మా కారు డిక్కీ బటన్ గారికి ఒక అర్జీ

అయ్యా బటన్ గారూ,

నెంబర్ ప్లేట్ పైన ఎవురికీ కనపడకుండా నక్కి కూర్చున్న మీకే రాస్తా ఉండా. ఈ గారూ మీరూ ఎందుకులే, నువ్వనే అంటా.

మొన్న శనివారం అలిపిరి చెకింగ్ దగ్గర సామాన్లు దించి డిక్కీ తెరవమన్నారు. నొక్కినా. గమ్మునుండావు. మళ్లా నొక్కినా, బ్రతిమలాడినా, గోవిందా అని కూడా అనేసినా. వెనక బండ్లోళ్లు ఒకటే హారన్. మా అత్తేమో "దానికి తాళం లేదా అల్లుడూ" అంటాది. చెవి పెట్టేదానికి కన్నం ఉంటే కదత్తా!

ఇంక చేసేదేముంది, వెనక సీటు మడిచి, కొత్త పంచెతోనే బ్యాగుల మీద పాక్కుంటా పోయి, సెల్లు లైటేసుకోని, డిక్కీ తలుపు లోపలి పక్క ఉండే చిన్న మూత ఇంటి తాళంచెవితో పీకి, ఆ సందులో లీవర్ నెట్టినా. తలుపు లేచేసరికి నేను బోర్లా పడుండా, ఎదురుగా సెక్యూరిటీ ఆయన. "లోపల ఇంకెవురన్నా ఉండారా" అని అడిగినాడు.

రేణిగుంట రోడ్డులో మెకానిక్ దగ్గరికి పోతే అప్పుడు తెలిసింది నీ బండారం. అసలు నువ్వు తెరిచేదే లేదంట కదా! నిన్ను నొక్కితే లోపలుండే బుడ్డ స్విచ్ ఒక సిగ్నల్ పంపిస్తాది, అంతే, అది బాడీ కంట్రోల్ మాడ్యూల్ అనే ఆఫీసరు టేబుల్ మీదికి పోతే, ఆయన బండి లాక్ తీసుండాదా, నిలబడుండాదా పోతా ఉండాదా అని చూసుకోని సరే అనుకుంటే 12 వోల్టుల కరెంటు వదుల్తాడు, అప్పుడు గొళ్ళెం పక్కనుండే చిన్న మోటార్ పళ్ల చక్రం తిప్పి అడ్డుపుల్లని లాగితే కొక్కెం కమ్మీని వదిలేస్తాది. పైకి లేపేది కూడా గ్యాస్ రాడ్లే. ఇంతమంది చాకిరీ చేస్తే పేరు మాత్రం నీకి.

ఇంతాజేసి ఆ రోజు తప్పు నీది కాదంట. డిక్కీ తలుపుకీ బాడీకీ మధ్య హార్మోనియం తిత్తి మాదిరి రబ్బరు గొట్టం ఉండాది చూడు, తెరిచినప్పుడల్లా మూసినప్పుడల్లా దాంట్లో వైర్లు వంగి వంగి, ఎర్త్ వైరు లోపల్లోపలే తెగిపోయినాది. పైకి తొడుగు బాగానే ఉండాది, రాగి లేదు. నెల నుంచి నెంబర్ ప్లేట్ లైటు, వెనక వైపర్ అప్పుడప్పుడూ ఆగిపోతా ఉండేవి, అవీ అందుకేనంట. నేనేమో వానలు లేవు కదా వైపర్‌తో ఏం పని అని ఊరికే ఉండిపోయినా.

అట్లని నువ్వేం పత్తిత్తువి కాదులే. మన ఎండకి నీ రబ్బరు కరిగి జీడి మాదిరి వేలికి అంటుకుంటా ఉండాది, నీళ్లు దిగితే నీ స్విచ్ కూడా తుప్పే, తర్వాత వంతు దీనిదే సార్ అని మెకానిక్ ముందే చెప్పేసినాడు.

వచ్చే శనివారం మళ్లా కొండకి పోతా ఉండాం. స్క్రూడ్రైవర్ ముందు సీటు కింద పెట్టినా. పంచె మాత్రం కట్టను.

ఇట్లు,
ఇంకా కంతులు కడతా ఉండే నీ ఓనరు