బంతి పోయాక ఎక్కడున్నారు?

2024 జూన్ 16న మెల్‌బోర్న్‌లోని డాక్లాండ్స్ మైదానంలో, ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ ('ఫుటీ') లీగ్ మ్యాచ్‌లో, కాలింగ్‌వుడ్ జట్టు మీద నార్త్ మెల్‌బోర్న్ మూడో క్వార్టర్‌లో 54 పాయింట్ల ఆధిక్యంలో ఉంది. గోల్‌కు ఆరు పాయింట్ల లెక్కన అది తొమ్మిది గోల్స్ అంతరం. ఆఖరి సైరన్ మోగేసరికి నార్త్ ఒక్క పాయింట్ తేడాతో ఓడింది. చివరి క్షణాల్లో అంపైర్ల నిర్ణయాల గురించి ఆ తర్వాత వారమంతా వాదోపవాదాలు నడిచాయి. ఆ వాదనలు ఎటు తేలినా 54 పాయింట్లు ఆవిరైపోయిన తీరుకు జవాబు దొరకదు. ఈ జట్టును ఏళ్లుగా పట్టి పీడిస్తున్న లోపమంతా ఆ ఒక్క ఆటలో ఉంది. బంతి చేతిలో ఉన్నప్పుడు బాగానే ఆడతారు. బంతి పోయిన మరుక్షణం ఎవరు ఎక్కడ నిలబడాలో జట్టుకు తెలియదు.

18 జట్ల లీగ్ పట్టికలో నార్త్‌కు 2020లో 17వ స్థానం, 2021లోనూ 2022లోనూ 18, ఆపై రెండేళ్లూ 17, 2025లో 16. ఆరు సీజన్లలో 130 మ్యాచ్‌లు ఆడి గెలిచినవి 20. మరో రెండు టై. 1975, 1977, 1996, 1999ల్లో టైటిళ్లు నెగ్గిన క్లబ్ ఇది. ఈ ఆరేళ్లలో ప్రధాన కోచ్‌లు మారారు, మధ్యలో తాత్కాలిక కోచ్ కూడా వచ్చి వెళ్లారు. 2020 నుంచి 2024 దాకా జరిగిన ఐదు డ్రాఫ్టుల్లో (కొత్త కుర్రాళ్లను క్లబ్‌లు వంతులవారీగా ఎంచుకునే పద్ధతి) మొదటి నాలుగు స్థానాల్లోంచి ఏడుగురు కుర్రాళ్లను తీసుకున్నారు. వారిలో మొదటి పిక్‌గా వచ్చిన జేసన్ హోర్న్-ఫ్రాన్సిస్ ఒక్క సీజన్ ఆడి పోర్ట్ అడిలైడ్‌కు వెళ్లిపోయాడు. హ్యారీ షీజల్, జార్జ్ వార్డ్‌లా, కోల్బీ మెకర్చర్, ఫిన్ ఓసలివన్ వంటివారు జట్టులో ఉన్నారు. ప్రతిభ లేదన్న సాకు ఇక చెల్లదు.

మెల్‌బోర్న్ పడమటి శివార్లలో, టార్నీట్, పాయింట్ కుక్, ట్రుగనీనా వీధుల్లో ఉంటున్న తెలుగు కుటుంబాలకు ఈ క్లబ్ కొత్తదేమీ కాదు. సదరన్ క్రాస్ స్టేషన్‌లో రైలు దిగి వంతెన దాటితే మైదానమే. వలస కుటుంబాల యువత కోసం ఆర్డెన్ స్ట్రీట్‌లో 'ది హడిల్' పేరుతో ఈ క్లబ్ నడుపుతున్న కార్యక్రమం చాలామంది ఎరిగినదే. ఆ పిల్లలు నీలం, తెలుపు చారల జెర్సీ తొడుక్కుని ఆటకు వెళ్లి ప్రతి ఆదివారం తలదించుకుని తిరిగి రావాల్సిన పరిస్థితి మారాలని మేము మనసారా కోరుకుంటున్నాం. అందుకే ఈ జట్టు వ్యూహంలో మాకు కనిపించిన తప్పులను వివరంగా రాస్తున్నాం.

అన్నిటికన్నా పెద్ద తప్పు టర్నోవర్ దగ్గర, అంటే బంతి ఎదుటివారికి చిక్కే చోట, ఉంది. ఈనాటి ఫుటీలో స్కోరులో అధిక భాగం ఎదుటివారి నుంచి లాక్కున్న బంతితోనే వస్తుంది. నార్త్ బంతిని వెనుక నుంచి బయటకు తెచ్చే పద్ధతి చూడండి. హాఫ్‌బ్యాక్ (డిఫెన్స్ ముందు భాగం) దగ్గర బంతి దొరకగానే ఒకరి నుంచి ఒకరికి పొట్టి హ్యాండ్‌బాల్స్ (చేత్తో కొట్టి అందించే పాస్‌లు), రెండు మూడు దాటాక కారిడార్‌లోకి, అంటే మైదానం నడుమకు, ఒక కిక్. అది కుదిరినప్పుడు కళ్లకు పండుగే. కుదరాలంటే బంతి కంటే ముందుకు పరుగెత్తేవాళ్లు ఉండాలి కాబట్టి ఆ పాటికే ఇద్దరు హాఫ్‌బ్యాక్‌లు, ఒక వింగ్ (పక్క వైపు) ఆటగాడు బంతిని దాటి ముందుకు పోయి ఉంటారు. సరిగ్గా అప్పుడు నాలుగో హ్యాండ్‌బాల్ నేల మీద పడుతుంది. ఎదుటివాడు ఎత్తుకుని తలెత్తి చూస్తే గోల్ దాకా ఖాళీ మైదానం. వెనుక మిగిలిన ముగ్గురు డిఫెండర్లకు ఎవరిని పట్టుకోవాలో తెలియని స్థితి. బంతి గోల్‌కు 70 మీటర్ల దూరంలో పోయినా, రెండు కిక్‌లలో ఆరు పాయింట్లు అయిపోతుంది.

పరుగు మానేయమని మేము చెప్పడం లేదు. మెకర్చర్ కాళ్లకు సంకెళ్లు వేస్తే ఈ జట్టుకు మిగిలేది ఏమీ ఉండదు. ఒక హాఫ్‌బ్యాక్ ముందుకు కదిలితే రెండోవాడు కదలకూడదు. బంతి ఎడమ వైపు నుంచి బయటకు వస్తుంటే కుడి వైపు వింగ్ ఆటగాడు లోపలికి జరిగి, నడుమ దారిలో, బంతికి ఓ 30 మీటర్లు వెనుకగా నిలబడాలి. బంతికీ గోల్‌కూ మధ్య ఎప్పుడూ నలుగురికి తగ్గకుండా ఉండాలి. మూడో హ్యాండ్‌బాల్ దాకా దారి తెరుచుకోకపోతే నాలుగోది వద్దు, బౌండరీ పక్కగా పొడవైన కిక్ కొట్టి అక్కడ పోటీ పడాలి. గాల్లోకి ఎగిరి బంతి కోసం పోటీపడే రక్‌మన్‌గా బలిష్ఠుడైన ట్రిస్టన్ జెర్రీ ఉన్న జట్టు అలాంటి పోటీకి భయపడనక్కర్లేదు. గాల్లో పట్టలేకపోయినా నేల మీద పడేస్తే చాలు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. 2026 సీజన్ నుంచి అమల్లోకి తెచ్చిన నిబంధన ప్రకారం, రెండు వైపులా గోల్‌కు 50 మీటర్ల దూరంలో ఉన్న గీతల నడుమ, ఒక జట్టు తన్నిన లేదా చేత్తో కొట్టిన బంతి ఇంకెవరికీ తగలకుండా బౌండరీ దాటితే ఎదుటి జట్టుకు ఫ్రీకిక్ ఇస్తారు. ఒత్తిడిలో గీత వెంబడి తన్ని బంతిని బయటకు పంపి ఊపిరి పీల్చుకునే పాత అలవాటుకు దీంతో కాలం చెల్లింది. ఇకమీద బౌండరీకి 10, 15 మీటర్లు లోపల దిగేలా తన్నాలి, అది దిగే చోట మన మనుషులు కనీసం ముగ్గురు ఉండాలి: గాల్లోకి ఎగిరేవాడు ఒకడు, అతని ముందు ఒకడు, గోల్ వైపు కాపలాగా మరొకడు. ఈ మూడోవాడే నార్త్ ఆటలో తరచూ కనిపించడు.

నార్త్ ప్రధాన కోచ్ అలస్టెర్ క్లార్క్‌సన్‌కు ఈ పాఠం ఎవరూ చెప్పనక్కర్లేదు. 2008లో హాథార్న్‌తో ఆయన అమలు చేసిన జోన్ డిఫెన్స్ లీగ్ మొత్తాన్ని ఆలోచనలో పడేసింది. మనిషికి మనిషిని అంటిపెట్టుకోవడం మాని, ఆటగాళ్లంతా వలలా పరుచుకుని, ఎదుటివారికి దగ్గరలో కిక్ దొరక్కుండా చేసి, పొడవుగా తన్నక తప్పని స్థితికి నెట్టారు. ఆ ఏడాది ఫైనల్‌లో జీలాంగ్‌ను 26 పాయింట్లతో ఓడించారు. 2013, 2014, 2015ల్లో వరుసగా మరో మూడు టైటిళ్లు గెలిచారు. కబడ్డీలో చేతులు పట్టుకుని గొలుసుగా నిలిచిన డిఫెండర్లలో ఒకడు ముందే తొందరపడి విడిపోతే రైడర్‌కు ఎలా సందు దొరుకుతుందో, ఈ జోన్‌లోనూ అంతే. 17 మంది సరిగ్గా నిలబడి ఒక్కడు పదడుగులు పక్కకు పోతే ఆ ఒక్క సందులోంచే బంతి వెళ్లిపోతుంది. సగటున 27, 28 ఏళ్ల వయసున్న, కలిసి వంద మ్యాచ్‌లు ఆడిన జట్టు దాన్ని నిలబెట్టగలదు. ఇరవై దాటీ దాటని కుర్రాళ్లతో మైదానం పొడవునా అదే వల పరచాలనుకోవడం అత్యాశ. మైదానం మధ్య గీత దగ్గర మొదలయ్యే చిన్న వల చాలు. ముందు 50 మీటర్లు ఎదుటివారికి వదిలేసినా ఫర్వాలేదు.

మైదానం మధ్యలోంచి ఆట మళ్లీ మొదలయ్యే సెంటర్ బౌన్స్ (2026 నుంచి అంపైర్ బంతిని నేలకేసి కొట్టకుండా పైకి విసురుతున్నారు) సంగతికి వస్తే, 2019లో వచ్చిన 6-6-6 నిబంధన వల్ల ప్రతి గోల్ తర్వాతా ఇరుజట్లూ ఆరుగురిని ముందు, ఆరుగురిని మధ్యలో, ఆరుగురిని వెనుక నిలపాలి. కాబట్టి డిఫెన్స్‌లో అదనపు మనిషిని ముందుగానే దాచి పెట్టే వీలు లేదు. మధ్యలోంచి బంతి శుభ్రంగా బయటపడితే వెనుక ఒక్కొక్కరికీ ఒక్కొక్కరే. నార్త్ మిడ్‌ఫీల్డర్లు ముగ్గురూ బంతి మీదికే వెళ్తారు. లూక్ డేవిస్-యూనియాక్ పేలుడులా దూసుకుపోయే మనిషి, వార్డ్‌లా ఢీకొట్టే మనిషి, షీజల్ ఎక్కువసార్లు బంతిని అందుకునే మనిషి. ముగ్గురిదీ దాడి స్వభావమే. జెర్రీ తట్టిన బంతి మనవాళ్లకు అందితే ముగ్గురూ ముందుకు. అందకపోతే ఎదుటి మిడ్‌ఫీల్డర్ వెన్నంటి ఒక్కరూ ఉండరు. కాలింగ్‌వుడ్ లాంటి జట్టు వరుసగా మూడు నాలుగు గోల్స్ కొట్టేది సరిగ్గా ఈ తలుపులోంచే.

చేయాల్సిన పని పెద్దదేమీ కాదు. ముగ్గురిలో ఒకరు ప్రతి బౌన్స్‌కూ డిఫెన్స్ వైపు, రక్‌మన్ల పోటీకి నాలుగైదు మీటర్లు వెనుకగా నిలబడాలి. బంతి మనకు వచ్చాకే అతను కదలాలి. అనుభవజ్ఞుడైన లూక్ పార్కర్‌ను సిడ్నీ నుంచి తెచ్చుకున్నది ఇలాంటి పనికే కదా. వరుసగా రెండు గోల్స్ పడ్డాయంటే మూడో బౌన్స్‌కు షీజల్‌ను బయటకు తీసి కాపలా మనిషిని రెట్టింపు చేయాలి. వింగ్‌లో ఉన్న ఇద్దరిలో ఒకరు బంతి గాల్లోకి లేచిన క్షణంలోనే వెనక్కి పరుగందుకుంటే ఐదారు సెకన్లలో అదనపు డిఫెండర్ తయారు. దానివల్ల ఓ మూడు గోల్స్ తక్కువ కొట్టొచ్చు. కానీ ఐదు తక్కువ ఇస్తారు.

ఆధిక్యంలో ఉన్నప్పుడు ఆటను నెమ్మదింపజేయడం రాదన్నది మరో లోపం. 15 మీటర్లు ప్రయాణించిన కిక్‌ను పట్టుకుంటే మార్క్. మార్క్ పట్టినవాడికి ప్రశాంతంగా తన్నే హక్కు ఉంటుంది. అంపైర్ 'ప్లే ఆన్' అనేదాకా కొన్ని సెకన్లు గడుస్తాయి. 20 మీటర్ల పొట్టి కిక్‌లు ఆరేడు వరుసగా వెనుక, పక్కలకు ఆడితే ఒక నిమిషం కరిగిపోతుంది, ఎదుటివారి ఊపూ చల్లారుతుంది. ప్రేక్షకులు గోల చేస్తారు, చేయనివ్వండి. కెలబ్ డేనియల్ కిక్ అలాంటి ఆటకు పుట్టిందే. ఎదుటివారు రెండు గోల్స్ వరుసగా కొట్టగానే ఈ 'నెమ్మది' సంకేతం బెంచ్ నుంచి రావాలి, నాలుగో గోల్ పడ్డాక వస్తే ఉపయోగం లేదు.

దీనికి తోడు మార్పిళ్ల లెక్క. 2021 నుంచి ఒక్కో జట్టుకు మ్యాచ్ మొత్తానికి 75 రొటేషన్లే. క్వార్టర్‌కు పంచుకుంటే 19కి లోపే. వేగంగా ఆడే జట్టు మొదటి సగంలో 42, 43 వాడేస్తే ఆఖరి క్వార్టర్‌కు వచ్చేసరికి మిడ్‌ఫీల్డర్ కాళ్లు కదలవు, కదలని కాళ్లు వెనక్కి పరుగెత్తవు. చివరి క్వార్టర్‌కు 20 దాచుకోవడం నియమంగా పెట్టుకోవాలి.

ముందు వరుస గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. నిక్ లార్కీ 2023లో 71 గోల్స్ కొట్టాడు, ఆ ఏడాది జట్టు గెలిచినవి మూడే మ్యాచ్‌లు. అంటే గోల్ కొట్టేవాడు లేక ఓడిపోతున్న జట్టు కాదిది. అయితే లార్కీ తల మీదికి గుడ్డిగా పొడవైన బంతి వేసే అలవాటు మానాలి. ఇద్దరు డిఫెండర్లు అతని మీద వాలిపోతారు, బంతి వాళ్ల చేతికి చిక్కి అదే వేగంతో వెనక్కి వస్తుంది. అది కూడా టర్నోవరే. పొట్టి ఫార్వర్డ్‌లు ఇద్దరు బంతి దిగే చోటికి ముందు నాలుగు మీటర్ల దూరంలో ఉండి, పడిన బంతిని ఎత్తుకోవాలి, అది చేజారితే ఎత్తుకున్నవాడిని పట్టి పడేయాలి. ఫార్వర్డ్ 50లో, అంటే ఎదుటివారి గోల్ ముందరి 50 మీటర్లలో, ట్యాకిల్స్ పదికి తగ్గితే ఆ రోజు వెనుకవాళ్ల పని అయిపోయినట్టే. జేన్ డూర్స్‌మా లాంటి కుర్రాడిని ఎంపిక చేసేటప్పుడు గోల్స్ కన్నా ముందు ఈ అంకెను చూడాలి.

ఇదంతా ఎలా చేయాలో నేర్చుకోవడానికి దూరం వెళ్లనక్కర్లేదు. ఇదే క్లబ్ మహిళల జట్టు 2024 సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా, ఫైనల్‌లో బ్రిస్బేన్‌ను 39-9తో చిత్తు చేసింది. 2025లో మళ్లీ ఫైనల్‌లో బ్రిస్బేన్‌నే ఓడించి టైటిల్ నిలబెట్టుకుంది. 2024 ఫైనల్ మొత్తంలో ఎదుటివారికి ఒకే ఒక్క గోల్ ఇచ్చిన జట్టు అది. మహిళల ఆటలో జట్టుకు 16 మంది, క్వార్టర్లు చిన్నవి, కాబట్టి ప్రతిదీ అలాగే దించేయడం కుదరదని మాకు తెలుసు. డారెన్ క్రాకర్ శిక్షణలో వాళ్లు పాటించే క్రమం మాత్రం ఏ ఆటలోనైనా చెల్లుతుంది. బంతి ముందుకు పోతుండగానే వెనుక గీత పైకి జరుగుతుంది, ఎవరో ఒకరు లోతుగా ఉండిపోతారు, టర్నోవర్ జరిగితే దగ్గరున్న ఇద్దరు బంతి మీదికి, మిగతావారు గోల్ వైపుకు. ఎవరి పని ఏమిటో ముందే తేలిపోయి ఉంటుంది. ఒకే క్లబ్ గొడుగు కింద శిక్షణ పొందుతున్న రెండు జట్లలో ఒకటి లీగ్‌లో అత్యంత బిగువైనది, మరొకటి అత్యంత వదులైన వాటిలో ఒకటి కావడం క్లబ్ యాజమాన్యం కూర్చుని ఆలోచించాల్సిన విషయం. రెండు కోచింగ్ బృందాలూ కలిసి వారానికొకసారి వీడియోలు చూడడానికి అడ్డేముంది?

చివరగా, డిఫెన్స్‌లో స్థిరత్వం. 2023 చివర్లో బెన్ మెకే ఎసెండన్‌కు వెళ్లిపోయాడు. పరిహారంగా వచ్చిన మూడో పిక్ కాగితం మీద గొప్ప బేరంగా కనిపించింది, కానీ ఎత్తైన డిఫెండర్ ఉన్న చోటు ఖాళీ అయ్యింది. ఆ ఖాళీలోకి ఫార్వర్డ్‌గా వచ్చిన చార్లీ కోంబెన్‌ను తెచ్చారు. అతను బాగానే కుదురుకున్నాడు. అలాంటివాణ్ని ముందుకూ వెనక్కీ తిప్పే ఆలోచన మానాలి. 2023లో హాఫ్‌బ్యాక్‌గా ఆడి రైజింగ్ స్టార్ (ఉత్తమ యువ ఆటగాడి అవార్డు) గెలిచిన షీజల్‌ను మిడ్‌ఫీల్డ్‌కు పంపారు, ఆ చోటికి మెకర్చర్‌ను, ఆ తర్వాత డేనియల్‌ను తెచ్చారు. ఒక్కొక్క మార్పుకూ కారణం ఉండే ఉంటుంది. అన్నీ కలిపితే, పక్కనున్నవాడు ఎప్పుడు ముందుకెళ్తాడో ఎప్పుడు ఆగుతాడో ఎవరికీ తెలియని వెనుక వరుస తయారైంది. గాయాలు మినహా వేరే కారణంతో ఆ వరుసను కదపకూడదు. ఒకటో రౌండ్‌లో వెనుక నిలబడిన ఆ ఆరుగురే పదో రౌండ్‌లోనూ నిలబడాలి, ఈలోగా ఎన్ని ఓడినా సరే.