తేదీల ఫంక్షన్‌కి జూన్ 6 ఒక్కటి చాలు

తేదీని ఒక ఫార్మాట్ నుంచి ఇంకో ఫార్మాట్‌లోకి మార్చే ఫంక్షన్‌కి యూనిట్ టెస్ట్ (అంటే, ఆ పని చేసే కోడ్ ముక్క సరిగ్గా నడుస్తోందో లేదో చూసే పరీక్ష) రాయమంటే చాలు, కొందరు ఫిబ్రవరి 29, డిసెంబర్ 31, గడియారాలు గంట ముందుకు జరిపే అర్ధరాత్రి, ఇలా ఎక్కడెక్కడి పీడదినాలో ఏరుకొచ్చి పెడుతున్నారు. ఇది టెస్టింగ్ కాదు. బుద్ధిగా పనిచేసుకుంటున్న కోడ్ మీద కక్ష సాధింపు.

నన్నడిగితే ఒక్క తేదీ చాలు: జూన్ 6, మిట్టమధ్యాహ్నం. 06/06 అని రాస్తే రోజు ముందా నెల ముందా అన్న గొడవే ఉండదు, ఫంక్షన్ రెండింటినీ తారుమారు చేసినా జవాబు మారదు, టైమ్‌జోన్ అయిదారు గంటలు అటూ ఇటూ లాగినా తేదీ కదలదు. ఇంత సౌమ్యమైన రోజు క్యాలెండర్‌లో ఇంకోటి చూపించండి! ఇక రావలసిన జవాబు మనం చేత్తో లెక్కేయడం ఎందుకు, అదే ఫంక్షన్‌ని మళ్లీ పిలిచి తెచ్చుకుంటే సరి. తన మాటకి తనే సాక్షి, టెస్ట్ పాసైందనే పచ్చ టిక్ గ్యారంటీ.

అసలు నేరం క్యాలెండర్‌ది కదా. 1582లో పాత క్యాలెండర్ వదిలి కొత్తదానికి మారుతూ ఇటలీ, స్పెయిన్‌లలో అక్టోబర్ 4 మర్నాడు 15 వచ్చింది. బ్రిటన్‌కి ఆ బుద్ధి పుట్టేసరికి 1752 అయింది, అక్కడ సెప్టెంబర్ 2 తర్వాత 14. పసిఫిక్ దీవుల దేశం సమోవా అయితే 2011 డిసెంబర్ 30ని పూర్తిగా ఎగ్గొట్టింది. ఇంత నిలకడ లేనిది మన కోడ్‌కి పరీక్ష పెడుతుందా? 2000 లీపు సంవత్సరమట, 1900 కాదట. ఎక్సెల్ మాత్రం పాతకాలపు స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రామ్ లోటస్ 1-2-3తో లెక్క కలవాలని, లేని 1900 ఫిబ్రవరి 29ని ఇప్పటికీ పోషిస్తోంది (మర్యాదస్తులంటే వాళ్లు).

2008 డిసెంబర్ 31న మైక్రోసాఫ్ట్ మ్యూజిక్ ప్లేయర్లు కొన్ని, ఏడాదికి 366వ రోజు కూడా ఉంటుందని ఊహించక లూప్‌లో పడి బిగుసుకుపోయాయి. దీనికి అంత రాద్ధాంతం దేనికో నాకర్థం కాదు, బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయ్యేదాకా ఉంచి మర్నాడు ఆన్ చేస్తే మామూలుగానే లేచాయి. టెస్టులు రాసే బదులు ఒక రోజు ఓపిక పడితే పోయేదానికి!

వచ్చే లీపు రోజు 2028 ఫిబ్రవరి 29, మంగళవారం. ఆ రోజుకి నేను ముందే లీవు పెట్టేద్దామనుకున్నాను కానీ, మా లీవుల పోర్టల్ అలాంటి తేదీ లేదంటోంది.