ప్రాంప్టింగ్ కాపీ పట్టుకున్న పిల్లాడు

బడిలో నాయకత్వం అనగానే క్లాస్ లీడర్‌కి ఒక బ్యాడ్జీ తగిలించి, మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయమంటారు. నా దృష్టిలో అది కాపలా. వార్షికోత్సవం నాటకంలో మాస్టారికి సాయంగా ఉండే పిల్లాడికి బ్యాడ్జీ ఉండదు, సుద్దముక్క కూడా ఉండదు. పనులు మాత్రం జరిపించాలి.

తొమ్మిదో తరగతిలో నాకా పని పడింది. పల్నాటి కథలో, కులాల తేడా లేకుండా అందరూ కలిసి కూర్చుని తినే చాపకూడు ఘట్టం వేస్తున్నాం. బ్రహ్మనాయుడి వేషం ఇమ్మని అడిగితే, తెలుగు మాస్టారు నా గొంతు విని, తెర పక్క నుంచి మర్చిపోయిన మాటలు అందించమని ప్రాంప్టింగ్ కాపీ చేతిలో పెట్టారు. కన్నమదాసు వేషం కుర్రాడు రోజూ రిహార్సల్‌కి అరగంట లేటు. మూడో రోజు అందరి ముందూ కేకలేశాను. నాలుగో రోజు అసలు రానేలేదు. ఇంటికి వెళ్లి చూస్తే, గేదె పాలు పితికి కేంద్రంలో పోసొస్తే గానీ వాడికి తీరిక లేదు. వాడి సీన్లు చివరికి జరిపాం. మళ్లీ ఆలస్యం ఊసే లేదు. ఆ ఉపాయం నిజానికి విస్తళ్లు వేసే పాత్ర చేస్తున్న అమ్మాయిది. అందరూ నాదనుకుంటే ఊరుకున్నాను. అది ఇప్పటికీ గుచ్చుతుంది.

ప్రదర్శన రోజు నాయుడు మాట మర్చిపోయాడు. టెన్షన్లో గట్టిగా అందించేశాను. మైకు పట్టేసింది, గ్రౌండంతా ఒకటే నవ్వు. "నాకు గుర్తొస్తోందిరా, నువ్వే ఆగలేదు" అన్నాడు వాడు మేకప్ తుడుచుకుంటూ. నిజమే. తెర పక్కన ఆ రెండు క్షణాలు నోరు మూసుకుని నిలబడటం నాకు చాతకాలేదు.

1880లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం నాటకం వేయించింది తన విద్యార్థులతోనే. ఆయన పుట్టిన ఏప్రిల్ 16నే తెలుగు నాటకరంగ దినోత్సవం జరుపుకుంటున్నాం. మరి ఇవాళ చాలా ప్రైవేటు స్కూళ్లలో వార్షికోత్సవమంటే బయటి నుంచి వచ్చే డ్యాన్స్ మాస్టారు, పెన్‌డ్రైవ్‌లో ముందే రికార్డు చేసిన డైలాగులు. పిల్లలు పెదవులు కదిపితే చాలు. అక్కడ ఎవరూ మాట మర్చిపోరు. కాబట్టి మర్చిపోయినవాణ్ని ఆదుకునే పనీ ఎవరికీ ఉండదు. వీడియో బాగా వస్తుందంటారు. వస్తుంది, కాదనను.

నాటకాలు వేస్తే చదువులు పాడవుతాయన్నది తల్లిదండ్రుల భయం. రోజుకో గంట, మూడు వారాలు. దానికి పాడయ్యే చదువైతే ఎలాగూ నిలవదు. మాస్టార్లకు మాత్రం ఒక మనవి: ఆ కాపీని ఫస్ట్ ర్యాంకర్ చేతిలో పెట్టకండి. వాళ్లకి జవాబు చెప్పేయాలనే ఆత్రం ఎక్కువ. నేనూ ఆ బాపతే.