ఆ ట్యూబు మీద తెలుగులో ఎందుకు రాయరు?

మా అమ్మ రోజూ పొద్దున్నే పేపరు ఆసాంతం చదువుతుంది, జిల్లా ఎడిషన్‌తో సహా. అలాంటి మనిషి ఏడాదిన్నర పాటు ఒక పూతమందు నడుముకి రాసుకుంది, అందులో ఏముందో తెలియకుండా. ట్యూబు మీద ఉన్నదంతా ఇంగ్లీషే. అది కూడా చీమతలకాయంత అక్షరాలు.

మొదలైంది లంగా బొందు కట్టే చోట. రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ, అంచు ఉబ్బి పొట్టు రాలుతూ, మధ్యలో మామూలు చర్మంలా. తామర. తెనాలి వైపు మా ఊళ్లో ఎండాకాలం చెమటకి ఎవరికైనా వచ్చేదే. స్కిన్ డాక్టర్‌కి చూపించాలంటే టౌన్‌కి వెళ్లాలి. బస్సు, ఫీజు, ఒక పూట పని పోవడం. వాటన్నిటికన్నా ముందు సిగ్గు. ఆ చోటు మగ డాక్టర్‌కి చూపించడం అమ్మ వల్ల కాదు. మెడికల్ షాపుకెళ్లి "దురదకి ఏదన్నా ఇవ్వు బాబూ" అంది. "ఇది రాయండమ్మా, రెండ్రోజుల్లో తగ్గిపోద్ది" అని ట్యూబు చేతిలో పెట్టారు. నిజంగానే రెండ్రోజుల్లో దురద తగ్గింది.

అక్కడే అందరం మోసపోతున్నాం. తామర అంటే చర్మం పైపొరని తిని బతికే ఫంగస్. ఆ ఎరుపు, ఆ దురద మన ఒళ్లు దానితో పోట్లాడుతున్న గుర్తు. అమ్మకి ఇచ్చిన ట్యూబులో ఫంగస్‌ని చంపే మందుతో పాటు క్లోబెటాసాల్ కూడా ఉంది. చర్మానికి రాసే స్టెరాయిడ్లలో అన్నిటికన్నా ఘాటైన వాటిలో అదొకటి. స్టెరాయిడ్ ఆ పోట్లాటని ఆపేస్తుంది. ఎరుపు పోతుంది, దురద పోతుంది, ఫంగస్ మాత్రం అడ్డు లేకుండా పాకుతుంది. రాయడం ఆపితే వారంలో రెట్టింపై తిరిగొస్తుంది. మళ్లీ ట్యూబు. అమ్మకి నడుము నుంచి తొడలకి, పొట్టకి పాకింది. ఒకే తువ్వాలు వాడటం వల్లో ఏమో, అమ్మ పక్కలో పడుకునే మా అక్క కొడుక్కి కూడా వచ్చింది. వాడికీ అదే ట్యూబు రాశారు!

చివరికి బతిమాలి గుంటూరులో ఒక లేడీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. అప్పటికి గుండ్రటి అంచే లేదు, చెదిరిపోయింది. ఆవిడ పొట్టు కొంచెం గీరి, గాజు పలక మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోప్‌లో చూశారు. ఫంగస్ పోగులు కనిపించాయి. అంతే పరీక్ష, కొద్ది నిమిషాల పని. ఫంగస్‌ని చంపే ఇట్రాకొనజోల్ క్యాప్సూల్స్ రాసి, ఏమేం మందులు వాడుతున్నారని అడిగారు. అమ్మ రోజూ పరగడుపున గ్యాస్ బిళ్ల వేసుకుంటుంది. ఆ బిళ్ల కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తుంది. ఆమ్లం లేకపోతే ఈ క్యాప్సూల్ సరిగ్గా ఒంటికి పట్టదట, అన్నం తిన్నాకే వేసుకోవాలట. ఈ మాట షాపులో ఎవరు అడుగుతారు? స్టెరాయిడ్ లేని క్రీమ్ మచ్చ అంచు దాటి రెండు సెంటీమీటర్ల దాకా రాయాలని, మచ్చ పోయాక కూడా రెండు వారాలు ఆపొద్దని, బట్టలు విడిగా ఉతికి ఎండలో ఆరేయమని, ఇంట్లో ఎవరెవరికి ఉందో వాళ్లందరూ ఒకేసారి వైద్యం చేయించుకోవాలని చెప్పారు. నెలలు పట్టింది. తామర పోయింది. స్టెరాయిడ్ వల్ల చర్మం పలచబడి పడ్డ చారలు మాత్రం పోవు. అమ్మ నడుము మీద అవి ఇప్పటికీ ఉన్నాయి.

ఇది మా ఇంటి గొడవ మాత్రమే కాదు. మామూలు మందులకి లొంగని తామర మన దేశమంతా పాకి పదేళ్ల పైనే అయింది. అలాంటి ఒక ఫంగస్‌కి 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. పేరులోనే ఇండియా ఉంది. తామరకి డాక్టర్లు ముందుగా రాసే టెర్బినాఫిన్ మందుకి అది చాలాసార్లు లొంగదు. న్యూయార్క్‌లో కూడా ఇద్దరికి ఉన్నట్టు 2023లో బయటపడింది.

కంటి చుక్కల్లోనూ ఇదే కథ. 2023 వానాకాలంలో కళ్లకలక వచ్చినప్పుడు ఎంతమంది షాపులో అడిగి చుక్కలు వేసుకున్నారో గుర్తుందా? వైరస్‌తో వచ్చే కళ్లకలక చాలామందికి ఒకటి రెండు వారాల్లో దానంతటదే పోతుంది. స్టెరాయిడ్ చుక్కలు వేస్తే ఎరుపు త్వరగా పోతుంది కాబట్టి మంచి మందనుకుంటాం. వేసవి వస్తే కళ్లు నలుపుకునే పిల్లలకి అవే చుక్కలు నెలల తరబడి వేస్తే కంట్లో ఒత్తిడి పెరిగి, చూపు నరాన్ని దెబ్బతీసే గ్లకోమా రావచ్చు. అలా పోయిన చూపు తిరిగి రాదు.

చట్టం లేదా అంటే ఉంది. చర్మానికి రాసే స్టెరాయిడ్లని 2018లో కేంద్రం షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది, అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. మా అమ్మ కొన్నన్ని ట్యూబుల్లో ఒక్కదానికీ ఎవరూ చీటీ అడగలేదు. అమ్మని తప్పుపట్టను. దూరం, డబ్బు, సిగ్గు, మూడూ నిజమే. అమ్మేవాళ్లని, తయారుచేసేవాళ్లని, చూసీ చూడనట్టు ఊరుకునే అధికారులని తప్పుపడతాను. సిగరెట్ పెట్టె మీద 85 శాతం జాగాలో హెచ్చరిక వేయించగలిగిన ప్రభుత్వానికి, ఈ ట్యూబు మీద "ఇందులో స్టెరాయిడ్ ఉంది, తామరకి రాయకండి" అని తెలుగులో రెండు ముక్కలు వేయించడం కష్టమా? ఆ రెండు ముక్కలు ఉంటే మా అమ్మ చదివేది. ఖచ్చితంగా చదివేది.

అది జరిగేదాకా మీ ఇంట్లో ఉన్న ట్యూబులు బయటికి తీసి, ఇంగ్లీషు చదవగలిగిన పిల్లల చేత చదివించండి. క్లోబెటాసాల్, బెటామెథాసోన్, బెక్లోమెథాసోన్, మొమెటాసోన్, డెక్సామెథాసోన్. ఈ పేర్లలో ఏదున్నా స్టెరాయిడే. తెల్లబడతామని కొన్న ఫేస్ క్రీములు కూడా చూడండి, కొన్నిటిలో మొమెటాసోన్ ఉంటుంది. అయితే ముఖానికి నెలల తరబడి రాస్తున్నవాళ్లు ఇది చదివి రేపే సొంతంగా ఆపేయకండి, ఒక్కసారిగా ఆపితే మొహం ఎర్రగా మండి పొక్కులు రావచ్చు. స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. వెళ్లేటప్పుడు ఆ ట్యూబు కూడా పట్టుకెళ్లండి, ఖాళీదైనా సరే.